పంపు మోగుతోంది, నీళ్ళు రావట్లేదు: హైదరాబాద్‌లో ఎస్ప్రెసో మిషన్ రిపేరు, పార్టుల వేట

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కొండాపూర్‌లో అపార్ట్‌మెంటు, మూడున్నరేళ్ళ కిందట కొన్న 15 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) ఎస్ప్రెసో మిషన్. నెల రోజులుగా పంపు మోగుతోంది గానీ కాఫీ చుక్కలు చుక్కలుగా పడుతోంది. హ్యాండిల్ చుట్టూ నీళ్ళు కారుతున్నాయి. వేడెక్కాక అప్పుడప్పుడు ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతోంది. సర్వీసుకు తీసుకెళ్తే మూత కూడా తెరవకుండా "పార్టులు రావండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. పార్టులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయన్నది మీ ప్రశ్న.

నేను పన్నెండేళ్ళుగా కేఫ్‌ల మిషన్లు, ఇళ్ళలోని చిన్న మిషన్లు బాగుచేస్తున్నాను. నా అనుభవంలో మిషన్ పేరు, మోడల్ పేరు చెప్పి అడిగితే ఈ ఊళ్ళో ఏ షాపులోనూ ఏమీ దొరకదు. అదే పార్టు కొలత, ఓల్టేజి, ఉష్ణోగ్రత చెప్పి అడిగితే చాలావరకు కోఠి, రాణిగంజ్ దాటి వెళ్ళే పనే ఉండదు. పైన మెరిసే స్టీలు డబ్బా తీసేస్తే లోపల ఉండేది ఒక పంపు, ఒక హీటరు, వేడి చూసి హీటర్‌ను ఆపే రెండు మూడు థర్మోస్టాట్లు, ఒక ఫ్యూజు, కొన్ని రబ్బరు రింగులు, నాలుగు గొట్టాలు. వీటిలో ఎక్కువ భాగం మిషన్ కంపెనీలు సొంతంగా తయారుచేసేవి కావు. పార్టులు చేసే వాళ్ళ దగ్గర కొని బిగిస్తాయి. మనమూ అలాగే కొనుక్కోవచ్చు.

కానీ షాపుకు వెళ్ళేముందు ఏది పోయిందో తేల్చుకోవాలి. మీరు చెప్పిన మూడు లక్షణాలు మూడు వేర్వేరు రోగాలు కాకపోవచ్చు. నా అంచనా: నీళ్ళలోని సున్నం లోపల గార కట్టింది, దారి మూసుకుపోయింది, పంపు ఒత్తిడికి నీళ్ళు బయటికి పోయే తోవ వెతుక్కుంటున్నాయి. హ్యాండిల్ దగ్గర ఎండిపోయిన గాస్కెట్ (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు పట్టీ) పక్కనుంచి కొన్ని, లోపల గొట్టాల అతుకుల్లో గట్టిపడిన ఓ-రింగ్ అనే రబ్బరు రింగు పక్కనుంచి కొన్ని వస్తున్నాయి. లోపల కారిన చుక్క హీటర్ టెర్మినల్ మీద పడితే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ట్రిప్ కాకుండా కాసేపు నడిచాకే అవుతోందంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. స్విచ్ వేసిన మరుక్షణమే అయ్యేదుంటే ముందు హీటర్‌నే అనుమానించేవాణ్ణి.

పరీక్షల వరుస చెప్తాను. దీనికి ఒక మల్టీమీటరు, ఒక వెర్నియర్ కాలిపర్, స్క్రూడ్రైవర్లు చాలు. ప్లగ్గు తీసేసి, మిషన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఆవిరి గొట్టం నాబ్ తిప్పి లోపల ఒత్తిడి ఏమైనా మిగిలుంటే వదిలేయండి. ఆ తర్వాతే మూత. ఏ వైరు ఎక్కడుందో ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, రేపు బిగించేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు. లోపల ఎక్కడైనా తెల్లటి చారలు, పచ్చగా పట్టిన చిలుము కనిపిస్తే అక్కడ ఓ-రింగ్ పోయినట్టే. కంట్రోల్ బోర్డు మీద బొద్దింకల రెట్టలు ఉన్నాయేమో కూడా చూడండి. మిషన్ లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి మన వంటిళ్ళలో అవి అక్కడే కాపురం పెడతాయి. వాటివల్ల బోర్డు షార్టయిన మిషన్లు చాలా చూశాను.

మొదటి పరీక్ష పంపుది. పంపు నుంచి హీటర్ వైపు వెళ్ళే గొట్టాన్ని పంపు దగ్గర ఊడదీసి, ఆ చోట ఒక చిన్న గొట్టం తగిలించి గ్లాసులోకి పెట్టండి. మూత మళ్ళీ పెట్టి, చేతులు బయట ఉంచి, అప్పుడు ప్లగ్గు పెట్టి పంపు నడపండి. ఎదురు ఒత్తిడి లేనప్పుడు మంచి పంపు అర నిమిషంలో గ్లాసు నింపుతుంది. గ్లాసు నిండిందా, మీ పంపు దాదాపుగా బాగున్నట్టే. అడ్డు ఆ తర్వాతే ఉంది, పంపు కొనక్కర్లేదు. ఈ ఒక్క పరీక్ష చేయక అనవసరంగా పంపులు మార్పించుకున్నవాళ్ళు నా దగ్గరికి ఎందరో వచ్చారు.

నీళ్ళు రాలేదనుకోండి, అప్పుడు కూడా వెంటనే పంపు పోయిందనకండి. ఇంటి మిషన్లలో ఉండేది వైబ్రేటరీ పంపు. తీగచుట్ట మధ్యలో ఒక ఇనప పిస్టన్ కరెంటుతో పాటు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 50 సార్లు. లోపల చిన్న స్ప్రింగులతో వాల్వులుంటాయి. మీరు ఊరెళ్ళి నెలరోజులు మిషన్ ఎండబెడితే అవి అంటుకుపోతాయి, లేదా గాలి బుడగ పట్టేస్తుంది. మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి తెచ్చి, సూది తీసేసి, పంపు లోపలికి నీళ్ళు వచ్చే వైపు నుంచి గోరువెచ్చటి నీళ్ళు గట్టిగా ఎక్కించండి. ఆవిరి నాబ్ తెరిచి, పంపును అయిదారు సెకన్ల చొప్పున ఆపి ఆపి నడపండి. చాలా పంపులు దీంతోనే లేస్తాయి. ఇంకో సంగతి, ఈ పంపు లోపల ఒక డయోడ్ ఉంటుంది. మల్టీమీటర్‌తో ఓమ్స్ చూస్తే తిక్క రీడింగ్ వస్తుంది, ఒక్కోసారి ఓపెన్ అని చూపిస్తుంది. అది చూసి కాయిల్ కాలిపోయిందని తీర్మానించకండి.

రెండో పరీక్ష హీటర్‌ది. ప్లగ్గు తీసి, హీటర్ రెండు టెర్మినళ్ళ వైర్లూ ఊడదీసి వాటి మధ్య ఓమ్స్ చూడండి. ఎంత రావాలో మీరే లెక్కగట్టొచ్చు: 230ని 230తో గుణించి, హీటర్ వాట్లతో భాగించండి. 1300 వాట్లకు 40 ఓమ్స్ చిల్లర, 1000 వాట్లకు 53 ఓమ్స్ వస్తుంది. ఆ చుట్టుపక్కల ఉంటే హీటర్ తీగ బాగుంది. తర్వాత ఒక టెర్మినల్‌కీ మిషన్ లోహపు బాడీకీ మధ్య చూడండి, ఏ కనెక్షనూ చూపించకూడదు. అయితే మల్టీమీటరు బ్యాటరీ ఓల్టేజికి కనపడని లీకేజి 230 ఓల్టులకు కనపడొచ్చు. అందుకని ఒక చిట్కా: మీ దగ్గర్లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంటుంది కదా, వాళ్ళ దగ్గర ఎక్కువ ఓల్టేజి పెట్టి లీకేజి చూసే మీటరు, మెగ్గర్ ఉంటుంది. మిషన్ పట్టుకెళ్ళి 500 ఓల్టుల దగ్గర హీటర్‌కీ బాడీకీ మధ్య చూడమనండి. రెండు నిమిషాల పని. రీడింగు మెగాఓమ్‌లలో ఉంటే హీటర్ పదిలం, నీళ్ళు కారుతున్న చోటు వెతకండి. కిలోఓమ్‌లలో ఉంటే ముందు తడి పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే హీటర్ మార్చాల్సిందే. ఆర్‌సీసీబీ పదే పదే పడుతోందని దాన్ని తప్పించి వేరే ప్లగ్గులో నడపాలని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. నీళ్ళు, కరెంటు, లోహపు బాడీ ఒకచోట ఉన్న వస్తువిది. ఆ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీ ఇంట్లోవాళ్ళ ప్రాణాలకు కాపలా.

మిషన్ ఆన్ అవుతోంది గానీ అసలు వేడెక్కట్లేదంటే థర్మల్ ఫ్యూజు చూడాలి. మీది అది కాదు, కానీ ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుంది. హీటర్‌కు ఆనించి, తెల్లటి స్లీవులో పెన్సిల్ ముక్కంత ఉంటుంది. గాజియా క్లాసిక్ అనే ఇంటి మిషన్‌లో ఇది 184 డిగ్రీలది. మీ దానిమీద ఎంత రాసి ఉంటే అంతే వేయాలి, ఆంపియర్లూ అంతే. దీన్ని సోల్డరింగ్ చేయకూడదు. సోల్డర్ వేడికి ఫ్యూజు అక్కడికక్కడే పోతుంది. వైరు కొసలకు థింబుల్స్ (చిన్న లోహపు తొడుగులు) వేసి నొక్కి బిగించాలి, అంటే క్రింప్ చేయాలి. ఫ్యూజు పోయిందంటే ఏదో కారణం ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ట్యాంకులో నీళ్ళు లేకుండా హీటర్ నడిచి ఉంటుంది, లేదా థర్మోస్టాట్ అంటుకుపోయి ఉంటుంది. కారణం వదిలేసి ఫ్యూజు మారిస్తే వారంలో మళ్ళీ పోతుంది.

ఇక పార్టులు. కరెంటు సంబంధమైనవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి: థర్మల్ ఫ్యూజులు, బైమెటల్ థర్మోస్టాట్లు, మైక్రోస్విచ్‌లు, వేడికి తట్టుకునే ఫైబర్ గ్లాస్ స్లీవులు, థింబుల్స్. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. పాత పార్టు చేతిలో పట్టుకెళ్ళండి. "కాఫీ మిషన్‌కి" అనకుండా "భయ్యా, థర్మల్ ఫ్యూజ్, దస్ ఆంప్, ఏక్ సౌ చౌరాసీ డిగ్రీ" అని అడగండి. థర్మోస్టాట్ అయితే కేఎస్‌డీ 301 రకం అని చెప్పి, డిగ్రీలు, నార్మల్లీ క్లోజ్డా ఓపెనా, కింద చెవులున్నదా మరమేకు ఉన్నదా చెప్పండి. గాజియా క్లాసిక్ లాంటి బాయిలర్ మిషన్‌లో కాఫీకి 107 డిగ్రీలది, ఆవిరికి 145 డిగ్రీలది ఉంటాయి. రెండూ చూడ్డానికి ఒకటే, అంకె చదవకుండా తారుమారు చేసి బిగించకండి.

రబ్బరు, గొట్టాలు, ఇత్తడి ఫిట్టింగులకు సికింద్రాబాద్ రాణిగంజ్. అక్కడ ఓ-రింగులు అమ్మే షాపులు వరసగా ఉంటాయి. లోపలి వ్యాసం ఎంత, రింగు మందం ఎంత, ఈ రెండూ వెర్నియర్‌తో కొలిచి రాసుకెళ్ళండి. పాత రింగు నలిగి చదునైపోయి ఉంటుంది కాబట్టి అది కూర్చునే గాడిని కూడా కొలవండి. అన్నిటికంటే ముఖ్యం రబ్బరు జాతి. ఏమీ అడక్కపోతే చేతిలో పెట్టేది నల్లటి నైట్రైల్ రింగు, అది నూనెల మిషన్లకు మంచిది. నేను ఈ పని కొత్తగా నేర్చుకునే రోజుల్లో తెలియక ఒక ఇంటి మిషన్‌కు అవే వేశాను. రెండు నెలలకు రాయిలా గట్టిపడ్డాయి, కాఫీకి టైరు వాసన. ఆ ఇంటావిడ మొహం ఇప్పటికీ గుర్తుంది. మనకు కావలసింది ఫుడ్ గ్రేడ్ సిలికాన్ లేదా ఈపీడీఎం. పూతకు కూడా మామూలు గ్రీజు, వేజలీన్ వద్దు. పెట్రోలియం తగిలితే ఈపీడీఎం ఉబ్బిపోతుంది. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు కొంటే ఏళ్ళు వస్తుంది.

ఆర్‌ఓ ఫిల్టర్ల షాపులు ప్రతి కాలనీలో ఉన్నాయి కదా, అక్కడి పంపు, గొట్టాలు పనికొస్తాయా అని చాలామంది అడుగుతారు. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే చన్నీళ్ళ గొట్టానికైతే వాళ్ళ దగ్గర దొరికే ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గొట్టం చాలు. పంపు తర్వాత వద్దు. అక్కడ వేడి, ఒత్తిడి రెండూ ఉంటాయి, టెఫ్లాన్ గొట్టమే వేయాలి. ఆర్‌ఓ పంపు అసలే వద్దు. ఎస్ప్రెసోకు కావలసిన 9 బార్లంటే దాదాపు 130 పీఎస్ఐ. ఆర్‌ఓ పంపు దానికోసం చేసింది కాదు.

హ్యాండిల్ దగ్గరి గాస్కెట్ విషయంలో మీ గ్రూపు (హ్యాండిల్ బిగించే తల) సైజు ముందు తెలియాలి. మీ హ్యాండిల్ బుట్ట 58 మి.మీ.లదైతే మీ అదృష్టం. 1961లో ఇటలీలో ఫేమా కంపెనీ ఈ61 అనే మిషన్ తెచ్చింది, ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణం మీద దానికా పేరు. దాని గాస్కెట్ బయట 73, లోపల 57 మి.మీ., మందం 8 లేదా 8.5. ఇప్పటికీ ఎన్నో కేఫ్ మిషన్లకు, గాజియా క్లాసిక్ లాంటి ఇంటి మిషన్లకు ఇంచుమించు ఇదే కొలత. కాబట్టి మీ దగ్గర్లోని మంచి కేఫ్‌కు వెళ్ళి, వాళ్ళ మిషన్ చూసే మెకానిక్ ఎవరో అడిగి నంబరు తీసుకోండి. అతని సంచిలో ఇవి ఎప్పుడూ ఉంటాయి. షాపుల కంటే ఈ దారే నాకు ఎక్కువ నమ్మకం. 15 బార్లని రాసి ఉండే చిన్న మిషన్లలో చాలావాటికి, డెలోంగీ డెడికా లాంటివాటికి, బుట్ట 51 మి.మీ. వాటి గాస్కెట్లు కేఫ్ మెకానిక్ దగ్గర ఉండవు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. కొలిచేటప్పుడు హ్యాండిల్ నొక్కిన చోట కాకుండా అంచు దగ్గర మందం చూడండి, నొక్కుకుపోయిన చోట అర మిల్లీమీటరు తక్కువ చూపించొచ్చు.

పాత గాస్కెట్ ఊడి రాదు. ముందు హ్యాండిల్ పైన నీళ్ళు జల్లే జల్లెడ స్క్రూ విప్పి దాన్ని తీసేయండి. తర్వాత గాస్కెట్‌లోకి ఒక చెక్క స్క్రూ సగం దాకా దించి, దాన్ని కటింగ్ ప్లయర్‌తో పట్టి లాగండి. రాకపోతే ఎదురు వైపు ఇంకోటి దించండి. ఒక అంచుకు వాలు ఉంటే అది ఏ వైపు ఉందో చూసుకుని కొత్తదీ అలాగే పెట్టండి. గాడిలో మాడిన కాఫీ పొడి పేరుకుని ఉంటుంది, బ్రష్షుతో బాగా గీకి తీయకపోతే కొత్త గాస్కెట్ కూడా కారుతుంది.

పంపు నిజంగానే పోయిందనుకుంటే దాని లేబుల్ చదవండి. చాలావాటి మీద ఉల్కా అని పంపు కంపెనీ పేరు, ఈపీ5 లేదా ఈఎక్స్5 అని మోడల్ ఉంటుంది. ఈపీ5కి నీళ్ళు బయటికొచ్చే మూతి ప్లాస్టిక్, ఈఎక్స్5కి ఇత్తడి. 230 ఓల్టులు, 50 హెర్ట్జ్, వాట్లు, మూతి మర, ఈ నాలుగూ సరిపోతే ఏ మిషన్‌లోంచి వచ్చిన పంపైనా పనిచేస్తుంది. మిషన్ పేరుతో కాకుండా పంపు పేరుతోనే వెతకండి. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన మిషన్లు మన ఊళ్ళో చాలా ఉన్నాయి, వాళ్ళకు ఇక్కడే ఒక హెచ్చరిక: అవి 120 ఓల్టులవి. నేరుగా మన ప్లగ్గులో పెడితే హీటర్ మీద మూడున్నర రెట్లకు పైగా వాట్లు పడి క్షణాల్లో పోతుంది. 2000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. వాటికి పంపు, హీటర్ కూడా 120 ఓల్టులవే తెప్పించాలి.

హీటర్, థర్మోబ్లాక్ (నీళ్ళు పారుతుండగానే వేడిచేసే లోహపు దిమ్మ), కంట్రోల్ బోర్డు మాత్రం ఆ మోడల్‌వే కావాలి, వీటిలో రాజీ కుదరదు. మిషన్ అడుగున లేబుల్ మీది పూర్తి కోడ్ రాసుకుని, దాని విడిభాగాల బొమ్మ ఆన్‌లైన్‌లో వెతికి, పార్టు నంబరు పట్టుకోండి. ఆ నంబరుతో కంపెనీ హెల్ప్‌లైన్‌కు రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "రాదు" అన్నది, నంబరు రాసి పంపితే వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి చిన్న పార్టు ధరను మించిపోతాయి. అందుకని ఒక్క గాస్కెట్ కోసం తెప్పించకండి, ఓ-రింగుల సెట్టు, జల్లెడ, ఫ్యూజు అన్నీ ఒకే పార్సిల్‌లో తెప్పించుకోండి. విరిగినది నాబ్ ఇరుసు, బ్రాకెట్ లాంటిదైతే బాలానగర్‌లో లేత్ మిషన్ వాళ్ళ దగ్గరికి పోండి. ఆవిరి నాబ్ ప్లాస్టిక్ ఇరుసు విరిగితే నేను అక్కడే ఇత్తడితో చేయించాను. ఆరేళ్ళయింది, ఇంకా తిరుగుతోంది.

ఇంతా చేసి నీళ్ళు మార్చకపోతే ఏడాదిన్నరకు మళ్ళీ ఇదే కథ. మీ వైపు మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళతో పాటు బోరు, ట్యాంకర్ నీళ్ళు కలుస్తాయి. తాగే నీళ్ళకు మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. దాకా మంచిదే, వేరే నీళ్ళు లేని చోట 600 దాకా అనుమతి. కడుపుకు సరిపోయే ఆ నీళ్ళు మిషన్‌కు సరిపోవు. అలాగని అచ్చంగా ఆర్‌ఓ నీళ్ళు పోస్తే కాఫీ చప్పగా ఉంటుంది. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ చెప్పిన లెక్క టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు) లీటరుకు 150 మి.గ్రా., అటూ ఇటూగా 75 నుంచి 250 మధ్య. టీడీఎస్ మీటరు కొనుక్కుని, ఆర్‌ఓ నీళ్ళలో కాచి వడకట్టిన కుళాయి నీళ్ళు కొద్దిగా కలిపి 100 దగ్గరికి తెచ్చుకోండి. కాచినప్పుడే గిన్నె అడుగున కొంత సున్నం దిగిపోతుంది. మా ఇంట్లో అలాగే చేస్తాను.

మీ మిషన్‌కు మొదట చేయాల్సింది ఇదిగో. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు 20 గ్రాములు లీటరు నీళ్ళలో కరిగించి ట్యాంకులో పోయండి. మరిగించకుండా, గోరువెచ్చగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా పంపు నడిపి, మధ్యలో అయిదేసి నిమిషాలు ఆపుతూ అరగంటలో పూర్తి చేయండి. మరీ వేడిచేస్తే నిమ్మ ఉప్పు, సున్నం కలిసి ఇంకో గట్టి ముద్ద అవుతుంది. బాయిలర్ అల్యూమినియందైతే పదిహేను నిమిషాలకు మించి ఉంచకండి, ఆమ్లం లోహాన్నే తింటుంది. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్ళు పూర్తిగా పంపండి. వెనిగర్ వాడకండి, రబ్బరుకు పట్టిన వాసన నెలకు గానీ పోదు. మొదటి విడతలో దారి పూర్తిగా తెరుచుకోకపోతే మర్నాడు మళ్ళీ చేయండి, బలం పెంచకండి.

తిరిగి బిగించాక 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టండి. 1300 వాట్లంటే దాదాపు 5.7 ఆంపియర్లు, వంటింటి 6 ఆంపియర్ల ప్లగ్గు వదులైతే కాలుతుంది. కింద పొడి పేపరు పరిచి, పది నిమిషాలు వేడిచేసి, కాఫీ పొడి లేకుండా రెండు కప్పుల నీళ్ళు వదలండి. పేపరు తడిసిన చోటును బట్టి ఎక్కడ కారుతోందో తెలుస్తుంది.

గ్లాసు పరీక్షలో ఎన్ని మి.లీ. వచ్చాయో, హీటర్ ఓమ్స్ ఎంతో, మెగ్గర్ రీడింగు ఎంతో, పంపు లేబుల్ ఫోటో, ఇవి పెట్టండి. ఏ పార్టు కొనాలో, అసలు కొనాలో లేదో అప్పుడు ఖచ్చితంగా చెప్తాను.